ఫోన్‌లో ఉన్న ఆస్తికి కాగితం రాసిపెట్టు బిడ్డా

బిడ్డా,

పరిశోధనకు జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చిందనీ, నెలనెలా 37 వేలు నీ ఖాతాలో పడుతున్నాయనీ మీ అమ్మ చెప్పింది. కడుపు నిండింది. పైసలు ఎక్కడ పెట్టాలో నేను చెప్పనక్కర్లేదు. సిప్‌లూ, ఈటీఎఫ్‌లూ నాకంటే నీకే బాగా తెలుసు. బ్యాంకు కౌంటరు వెనక జీవితమంతా కూర్చుని రిటైరైన మేనమామగా నేను చెప్పదలచింది వేరే సంగతి. ఆ సంగతి నీ ఈడు పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పబోతే ఇంట్లోవాళ్లు "నోటి వెంట మంచి మాట రానీయి" అని కసురుకుంటారు.

నువ్వు లేని రోజున, లేదా ఉండి కూడా మాట్లాడలేని రోజున, నీ ఫోన్‌లో ఉన్నదంతా ఎవరికి చేరాలి? ఎట్లా చేరుతుంది?

నా దగ్గరేముంది మామయ్యా అంటావు. లెక్క పెడదాం. ఫెలోషిప్ పడే బ్యాంకు ఖాతా. రెండు మూడు యూపీఐ యాప్‌లు, వాటి వాలెట్లలో మిగిలిన చిల్లర. ఒక డీమ్యాట్. సరదాకు నూరూ రెండొందలూ పెట్టి కొంటున్న డిజిటల్ గోల్డ్. అది తమ నియంత్రణలోకి రాదని సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది, ఆ మాటా గుర్తుంచుకో. స్నేహితులతో కలిసి కొన్న కాసింత క్రిప్టో. నెలనెలా పైసలు లాగే ఓటీటీ ఆటోపేలు. ఊరూరూ తిరిగి ఫోన్‌లో ఎక్కించుకున్న ఒగ్గుకథల రికార్డింగులు, వాటిలో బాగున్నవి పెట్టిన యూట్యూబ్ చానెల్. జీమెయిల్, యూనివర్సిటీ మెయిల్, ఇన్‌స్టా, వాట్సాప్. ఇక ఫోటోలకు లెక్కే లేదు. మీ తాత అరవై ఏళ్లకు కూడబెట్టినవాటి జాబితా కూడా ఇంత పొడుగు లేదు.

ఆయన జాబితా మాత్రం దొరికేది. మా తరం ఇళ్లలో పెద్దదిక్కు పోతే, దినాలు అయ్యాక నలుగురూ కూర్చుని బీరువా తెరిచేవారు. రబ్బరు బ్యాండు చుట్టిన పాసుబుక్కులు, ఎల్‌ఐసీ బాండు, పోస్టాఫీసు సర్టిఫికెట్లు, పట్టాదారు పాసుబుక్కు, ఎవరో రాసిచ్చిన ప్రామిసరీ నోటు, అన్నీ అందులోనే ఉండేవి. అందులో లేనిది ఏదైనా ఉంటే కొన్నాళ్లకు పోస్టుమాన్ తెచ్చి ఇచ్చేవాడు. ప్రీమియం నోటీసో, డివిడెండ్ వారంటో వస్తే, "ఓహో, ఇది కూడా ఉందన్నమాట" అని తెలిసేది. ఇప్పుడు ఆ నోటీసులన్నీ నీ మెయిల్‌కే వస్తాయి. ఆ మెయిల్ నీ ఫోన్‌లో ఉంది. ఆ ఫోన్ నీ వేలిముద్రకే తెరుచుకుంటుంది. తాళంచెవి దొరకకపోవడం తరవాతి కష్టం బిడ్డా. అసలు తాళం వేసిన గది ఒకటుందనే ఎవరికీ తెలియకపోవడం మొదటి కష్టం. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. కనబడని ఆస్తికి కనబడే కాగితం ఒకటి ఉండాలి.

బ్యాంకుల్లో సొమ్ము ఎట్లా అనాథ అవుతుందో చెప్తాను, విను. పదేళ్లపాటు ఎవరూ కదపని ఖాతాలోని సొమ్మును బ్యాంకు రిజర్వు బ్యాంకుకు పంపేస్తుంది. అందుకోసమే 2014లో ఒక నిధి పెట్టారు. ఏడేళ్లపాటు ఎవరూ అడగని డివిడెండ్లూ, వాటి వెనకున్న షేర్లూ ఐఈపీఎఫ్ అనే మరో నిధికి వెళ్తాయి. అట్లా వెళ్లినంత మాత్రాన పోయినట్టు కాదు. వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. అడగాలంటే ముందు ఉందని తెలియాలి కదా. పేరు కొట్టి వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ తెరిచింది. మరిచిపోయిన మ్యూచువల్ ఫండ్లు వెతకడానికి 2025లో మిత్ర అనే పోర్టల్ వచ్చింది. మీ ఇంట్లో ఎవరి పేరునైనా పాత ఖాతాలు ఉన్నాయేమో ఒకసారి చూడు. వెతికే వసతి ఉందిలే అని ధీమాగా మాత్రం ఉండకు. ఆ పోర్టళ్లు బ్యాంకులకూ ఫండ్లకూ సంబంధించినవే. నీ వాలెట్లనూ, డ్రైవ్‌నూ, యూట్యూబ్ చానెల్‌నూ వెతికిపెట్టే పోర్టల్ ఏదీ లేదు.

ఉందని అందరికీ తెలిసినంత మాత్రాన సరిపోదు అనడానికి నువ్వు చదివే యూనివర్సిటీ స్థాపకుడి కథే సాక్ష్యం. 1918లో ఉస్మానియాను పెట్టిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ధనవంతుల్లో ఒకడని పేరుపడ్డవాడు. 1948 సెప్టెంబరులో, పోలీసు యాక్షన్ రోజుల్లో, ఆయన మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరున ఉన్న ఖాతాకు మార్పించాడు. 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు. నా అనుమతి లేకుండా జరిగింది, వెనక్కి ఇవ్వండని నిజాం కొద్దిరోజుల్లోనే కబురు పెట్టాడు. ఖాతా ఎవరి పేరున ఉందో ఆయన ఒప్పుకోనిదే ఇవ్వలేమని బ్యాంకు అంది. బ్యాంకువాడిగా చెప్తున్నాను, ఏ బ్యాంకైనా అదే అంటుంది. కేసు వేస్తే 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. మరో దేశాన్ని తమ కోర్టులో నిలబెట్టి అడగలేమన్నారు. 1967లో నిజాం కన్నుమూశాడు. సొమ్ము ఖాతాలోనే ఉండి వడ్డీ పెంచుకుంటూ పోయింది. చివరికి 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ, నిజాం మనవలు ముకర్రమ్ జా, ముఫఖమ్ జాలకూ చెందుతుందని.

డెబ్బయి ఒక్క ఏళ్లు! దొంగలు పడలేదు, బ్యాంకు దివాలా తీయలేదు, ఎక్కడుందో తెలియక వెతుక్కోలేదు. సొమ్ము ఒకరిది, ఖాతా మీద పేరు మరొకరిది. చిక్కంతా అక్కడే. అంతటి నిజాం నవాబుకే తప్పలేదంటే మనమెంత? అందుకే నా మొదటి మాట. నీ సొమ్ము నీ పేరునే ఉండనీ. రూమ్మేట్ డీమ్యాట్‌లో కొన్నాను, అన్న యాప్‌లో పెట్టాను, తరవాత తీసుకుంటాను అనే ఏర్పాట్లు ఇవాళే తెంచెయ్యి. వాళ్లు మంచివాళ్లే. వాళ్లకేమైనా అయితే వాళ్ల వారసులతో నువ్వు ఏ కాగితం పట్టుకుని మాట్లాడతావు?

రెండో మాట నామినీ గురించి. ఖాతాలన్నిటికీ నామినీ ఉన్నారో లేదో చూసుకో. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా పెట్టుకోవచ్చు. అదే ఏడు నుంచి డీమ్యాట్‌కూ, మ్యూచువల్ ఫండ్లకూ పదిమంది దాకా. నామినీ ఉంటే డెత్ సర్టిఫికెటూ, గుర్తింపు కార్డూ చూపించి సొమ్ము తీసుకోవచ్చు. లేకపోతే మీసేవలో అర్జీ, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పెద్ద మొత్తమైతే సివిల్ కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్. ఏడుపు ఆగని ఇంట్లోవాళ్లు ఆ కాగితాల కోసం తిరగడం కౌంటరులో కూర్చుని చాలా చూశాను.

అయితే నామినీ అంటే హక్కుదారు అనుకోకు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. నామినీ సొమ్ము అందుకునేవాడు. అది చివరికి ఎవరికి చెందాలో వారసత్వ చట్టమో, వీలునామానో తేలుస్తుంది. సుప్రీంకోర్టు 1983లో సర్బతీదేవి కేసులో బీమా సొమ్ము గురించి ఈ మాటే చెప్పింది. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో షేర్లకూ, డీమ్యాట్‌కూ అదే సూత్రమని తేల్చింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరవాత తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీలైతే లెక్క కొంత వేరు. మిగతా అన్నిటికీ నామినీ ఒక మెట్టు, వీలునామా రెండో మెట్టు.

ఆడపిల్లవు గనక నీకు వీలునామా మరీ అవసరం. ఎందుకో చెప్తాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 15వ సెక్షన్ ఉంది. పెళ్లయిన ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన ముందు భర్తకూ పిల్లలకూ వెళ్తుంది. వాళ్లు లేకపోతే భర్త తరఫు వారసులకు. ఆమెను కని, చదివించిన తల్లిదండ్రుల వంతు ఆ తరవాతే. 2009లో సుప్రీంకోర్టు దాకా వచ్చిన ఒక కేసులో, పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు ఆ పిల్లను వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించి ఉద్యోగస్తురాలిని చేశారు. ఆమె వీలునామా లేకుండా పోయింది. ఆమె కష్టార్జితమంతా, బ్యాంకు ఖాతాలతో సహా, వెళ్లగొట్టిన అత్తింటివైపే వెళ్లింది. చట్టం అట్లా ఉంది, జాలి వేరు, చట్టం వేరు అంది కోర్టు. ఒక్క తెల్లకాగితం ఉంటే ఆ కథ మరోలా ఉండేది. నీకింకా పెళ్లి కాలేదు. రేపు అవుతుంది, దానికి నేనే ముందు నిలబడతాను. పెళ్లికి ముందొకసారి, పెళ్లయ్యాక ఒకసారి, పిల్లలు పుట్టాక ఒకసారి ఆ కాగితం తిరగరాయి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చేయించడం మంచిదే, తప్పనిసరి కాదు. నువ్వు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మేలు. అన్నీ ఆన్‌లైన్‌లో చేసే మీ తరానికి ఒక హెచ్చరిక. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ పత్రాలకు, డిజిటల్ సంతకాలకు గుర్తింపు ఇచ్చింది గానీ, వీలునామాను మాత్రం అందులోంచి పక్కన పెట్టింది. వాట్సాప్ మెసేజ్, వీడియో, ఈ-సంతకం పెట్టిన పీడీఎఫ్ ఇవేవీ వీలునామా కావు. క్రిప్టో గురించి రాయాలన్నా సిరా, కాగితమే దిక్కు.

ఇవన్నీ ఎందుకు మామయ్యా, పాస్‌వర్డులు అమ్మకు చెప్తే సరిపోదా అనేవు. సరిపోదు. మనిషి పోయాక ఆ మనిషి యూపీఐ పిన్ను కొట్టి, ఏటీఎం కార్డు గీకి డబ్బు తీయడం తప్పు. అప్పటికి ఆ సొమ్ము వారసులందరిదీ అయిపోయింది. ఒకరు తీస్తే మిగతావాళ్లు నిలదీస్తారు, కేసులూ పెడతారు. పద్ధతి ఏమిటంటే ముందు బ్యాంకుకు చెప్పాలి, ఆటోపేలు ఆపించాలి, క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. పాస్‌వర్డు తలుపు తీస్తుంది గానీ హక్కు ఇవ్వదు.

పాస్‌వర్డు తెలిసినా ఓటీపీ రావాలి కదా. అందుకే సిమ్ కార్డు చిన్నదే అయినా మొత్తం దానిమీదే నడుస్తుంది. మనిషి పోయిన నెలకు ఇంట్లోవాళ్లు "ఇంక ఈ నంబరెందుకు" అని రీచార్జి ఆపేస్తారు. తొంభై రోజులు వాడకపోతే ఆ నంబరు ఆగిపోవచ్చు. ఆ తరవాత కనీసం తొంభై రోజులు ఆగి మరొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు ఆ ఓటీపీలు ఎవరికి పోతాయో ఆలోచించు. వాట్సాప్ కూడా 120 రోజులు కదలకపోతే ఖాతా తీసేస్తుంది. అందుకని మీ అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు, అన్ని లెక్కలూ తేలేదాకా ఆ నంబరుకు రీచార్జి చేస్తూనే ఉండాలని. డబ్బు తీయడానికి కాదు, ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి.

క్రిప్టో మాత్రం వేరే జాతి. ఎక్స్‌చేంజీలో ఉంటే ఒక కంపెనీ ఉంటుంది, అడగవచ్చు. సొంత వాలెట్‌లోకి మార్చుకుంటే, ఆ వాలెట్‌కు తాళంచెవిలా ఇచ్చే పన్నెండో ఇరవైనాలుగో రహస్య మాటలే సర్వస్వం. అవి పోతే ఏ కోర్టూ తెచ్చివ్వలేదు. కెనడాలో క్వాడ్రిగా అనే ఎక్స్‌చేంజీ నడిపిన జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో మన జైపూర్ వచ్చి, ముప్పయ్యేళ్ల వయసులో చనిపోయాడు. తాళాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయని, సొమ్ము లోపలే చిక్కుకుపోయిందని మొదట అన్నారు. 76 వేల మందికి పైగా ఖాతాదారులు రోడ్డున పడ్డారు. తరవాత విచారణలో తేలిందేమంటే, అందులో చాలా భాగం ఆయనే ముందే ఆడి పోగొట్టాడని. తాళం పోయిందన్న మాట వెనక దొంగతనం దాగగలదు. ఒక్కరి చేతిలోనే అంతా ఉండకూడదనేది అందుకే. నీ వాలెట్ మాటలు కాగితం మీద రాసి సీలు వేసి, ఫోన్ పిన్ను రాసిపెట్టే కవరుకు (దాని సంగతి కింద చెప్తాను) దూరంగా, మరో చోట దాచు. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టకు.

ఇక కంపెనీలు ఇచ్చిన వసతులు. ఇవాళ రాత్రి మెస్‌లో భోజనం అయ్యాక కూర్చుంటే అరగంట పని. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా ఎంత కాలం నీ అలికిడి లేకపోతే ఎవరికి కబురు పంపాలో, ఏవి చూపించాలో, ఏవి చెరిపేయాలో నువ్వే చెప్పవచ్చు. పదిమంది దాకా పెట్టవచ్చు. ఇది చేయకపోతే, రెండేళ్లు ముట్టని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. ఐఫోన్ అయితే 2021 చివరి నుంచి లెగసీ కాంటాక్ట్ ఉంది. నువ్వు ఇచ్చే కోడూ, డెత్ సర్టిఫికెటూ చూపితే ఫోటోలూ, ఫైళ్లూ తీసుకోనిస్తారు. దాచిన పాస్‌వర్డులు మాత్రం ఇవ్వరు. ఫేస్‌బుక్‌లో 2015 నుంచి ఈ ఏర్పాటుంది. నీ పేజీ చూసుకునే మనిషిని పెట్టవచ్చు. ఆ మనిషి నీ మెసేజీలు చదవలేరు. ఆ సంగతి మంచిదే.

మంచిదే అన్నాను, ఎందుకంటే ఇచ్చేవాటితో పాటు ఇవ్వనివి కూడా నీవే. 2012లో బెర్లిన్‌లో పదిహేనేళ్ల పిల్ల రైలు కింద పడి చనిపోయింది. ఎందుకు పోయిందో తెలుసుకోవాలని తల్లిదండ్రులు ఆమె ఫేస్‌బుక్ ఖాతా అడిగారు. కంపెనీ ఇవ్వనంది. 2018లో జర్మనీ అత్యున్నత కోర్టు, ఉత్తరాలూ డైరీలూ వారసులకు దక్కినట్టే ఇదీ దక్కుతుందని తీర్పిచ్చింది. ఆ కన్నవాళ్ల బాధ నాకు తెలుస్తుంది. అయినా నీ హాస్టల్ కబుర్లు, స్నేహితురాలు నిన్ను నమ్మి రాసుకున్న దుఃఖం మీ అమ్మ చదవాలా వద్దా అనేది నువ్వు తేల్చాలి, కోర్టు కాదు. అందులో సిగ్గుపడేదేమీ లేదు. "ఈ ఖాతా చెరిపేయండి" అన్నది కూడా వీలునామాలో రాయదగ్గ మాటే. మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్ ఇట్లాంటి హక్కు ఇచ్చింది. మనిషి పోయినా, తెలివి తప్పినా, ఆ మనిషి సమాచారం మీద హక్కులు వాడే నామినీని ముందే పెట్టుకోవచ్చు. ఆ చట్టం దశలవారీగా అమలుకు వస్తోంది, కనిపెట్టుకుని ఉండు.

ఇప్పుడు నీ అసలు ఆస్తి దగ్గరికి వస్తాను. నీ ఒగ్గుకథలు. బిరుదురాజు రామరాజు గారు ఈ ఉస్మానియాలోనే జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేటు తీసుకున్నారు. ఆయన కూర్చినది కాగితం మీద ఉంది, పుస్తకమైంది, ఇవాళ నువ్వు దాన్ని లైబ్రరీలో తీసి చదువుతున్నావు. నువ్వు సేకరించినది ఫోన్‌లో, డ్రైవ్‌లో ఉంది. నీ థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో భద్రంగా ఉంటుంది, ఆ బెంగ లేదు. థీసిస్‌లో పట్టని గంటల కొద్దీ గొంతులు? ఆ ఒగ్గు పూజారుల్లో కొందరు ముసలివాళ్లు. వాళ్ల తరవాత ఆ గొంతు నీ దగ్గర తప్ప మరెక్కడా ఉండదు. అది నీ ఒక్కదాని ఆస్తి కాదు, ఆ ఊరిది కూడా.

కనుక మూడు పనులు చెయ్యి. రికార్డింగులను యూనివర్సిటీ మెయిల్ డ్రైవ్‌లో మాత్రమే ఉంచకు, ఆ ఖాతా సంస్థది, నువ్వు బయటికి వచ్చిన రోజున మూసేయవచ్చు. ప్రతి ఫైలుకూ కథకుడి పేరు, ఊరు, తేదీ పెట్టు, లేకపోతే నీ తరవాత చూసేవాళ్లకు అది వట్టి శబ్దం. ఒక కాపీ హార్డ్ డిస్కులో మీ డిపార్ట్‌మెంటుకు, వీలైతే ఆ కథకుడి ఇంటికి కూడా ఇవ్వు. యూట్యూబ్ చానెల్ బ్రాండ్ అకౌంటు కింద ఉంటే మరొకరిని యజమానిగా చేర్చవచ్చు. రేపు దానిమీద పైసలొస్తే అందులో ఎవరికెంతో ఇప్పుడే రాసుకోండి. ఇవాళ జానపదం చానెళ్లు పెద్ద వ్యాపారం, తగాదాలు పాట హిట్టయ్యాకే మొదలవుతాయి. నువ్వు రాసిన దానిమీద కాపీరైటు నీ తరవాత అరవై ఏళ్లు ఉంటుంది. అదీ వారసత్వ ఆస్తే, అదెవరికో కూడా వీలునామాలో ఒక వాక్యం పడాలి. కొనుక్కున్న ఈ-బుక్కుల్లో చాలా భాగం మాత్రం చదువుకునే అనుమతే, ఎవరికీ రాసివ్వలేవు. నచ్చినవి కాగితం పుస్తకాలు కొనుక్కో.

ఇంతసేపూ నీ గురించే చెప్పాను. నువ్వు మరొకరి లెక్కలు కూడా మోస్తున్నావు. మీ నాన్న ఫోన్‌లో యూపీఐ పెట్టింది నువ్వు, పిన్ను పెట్టింది నువ్వు, మీ అమ్మ ఆధార్‌కు లింకు చేసింది నీ నంబరు. హాస్టల్లో ఉండి ఊళ్లో ఇల్లు నడుపుతున్నావు. నీ ఫోన్ పోతే ఆ ఇంటికి చీకటే. వచ్చే పండక్కి ఊరెళ్లినప్పుడు వాళ్ల నంబర్లు వాళ్లకే లింకు చేయించు. మీ నాన్న రైతు బీమా కాగితంలో నామినీ ఎవరో అడుగు. 2018లో ఆ పథకం మొదలైనప్పుడు ఇంటింటా ఎవరో ఒకరి పేరు రాయించారు. కొన్ని ఇళ్లలో ఆ పేరున్న తల్లో భార్యో ఈలోగా పోయారు, పేరు మార్పించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఐదు లక్షల సొమ్ము ఆ ఒక్క పేరు దగ్గర ఆగుతుంది. వ్యవసాయ విస్తరణాధికారిని కలిస్తే మార్పిస్తారు. ఇంటి ఖర్చుల ఖాతా ఒకటి అమ్మానాన్నల ఇద్దరి పేరున, ఎవరైనా ఒకరు తీసుకునేట్టు పెట్టించు. మనిషి ఆస్పత్రిలో ఉన్నప్పుడు వీలునామా పనికిరాదు, అది ఆ మనిషి పోయాకే తెరుచుకుంటుంది. జాయింటు ఖాతా ఆ రోజున అక్కరకొస్తుంది.

అడగడానికి నోరు రాదంటావు. మా తార్నాకలో ఎన్నో ఫ్లాట్లలో ఇదే సంగతి. ఐఐసీటీలోనో, ఎన్‌జీఆర్‌ఐలోనో పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన దంపతులు ఒంటరిగా ఉంటారు, పిల్లలు అమెరికాలో. రోజూ వీడియో కాల్ చేస్తారు, ఏం తిన్నారు, బీపీ ఎంత అని అడుగుతారు. "నాన్నా, మీ ఎఫ్‌డీలు ఎక్కడున్నాయి" అని మాత్రం అడగరు. అడిగితే ఆస్తి మీద కన్నేశారనుకుంటారేమోనని పిల్లలకు భయం. చెప్తే చావు గుర్తుచేసినట్టవుతుందని పెద్దలకు భయం. దీనికి మందు ఒకటే. పెద్దవాళ్లను అడగకముందు నీ కాగితం నువ్వు చూపించు. "అమ్మా, నా లెక్కలన్నీ ఇట్లా రాసిపెట్టాను, నీవి కూడా రాద్దామా?" అను. ఇరవయ్యారేళ్ల పిల్ల తనది ముందు రాసుకుందంటే అరవయ్యేళ్లవాళ్లకు బెదురు తీరుతుంది.

ఆ కాగితంలో ఏముండాలంటే, ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో ఉండాలి. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఖాతా చివరి నాలుగు అంకెలు, నామినీ ఎవరు. ఏ యాప్, ఏ మెయిల్‌తో తెరిచావు, ఏ నంబరుకు లింకు. ఎవరికి నువ్వు బాకీ, ఎవరు నీకు బాకీ. ఏది ఎవరికి, ఏది చెరిపేయాలి. మొదట ఎవరికి ఫోన్ చేయాలి. పాస్‌వర్డులు ఇందులో రాయకు, వీలునామాలో అసలే రాయకు, అది పదిమంది చేతుల్లో పడే కాగితం. ఫోన్ పిన్ను, పాస్‌వర్డ్ మేనేజరు వాడితే దాని ప్రధాన పాస్‌వర్డు, వేరే కవరులో సీలు వేసి ఇంకో చోట పెట్టు. ఏవి ఎక్కడున్నాయో తెలుసుకోవడానికే తప్ప పైసలు తీయడానికి కాదని కవరు మీదే రాయి. జాబితా కాపీ మీ అమ్మ బీరువాలో ఒకటి, నమ్మకమున్న మనిషి దగ్గర ఒకటి. ఆ మనిషిని నేనే కావాలని లేదు. నా వయసు చూసి, నీకంటే చిన్నవాళ్లను ఎంచుకో.

ఏటా జూలైలో ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు దాని కాగితాలతో పాటు ఈ కాగితాన్నీ ముందేసుకో. మూసేసిన ఖాతా కొట్టెయ్యి, కొత్తది చేర్చు, కింద తేదీ వేసి సంతకం పెట్టు. పాత కాపీలు చింపెయ్యి, రెండు జాబితాలుంటే రెండు తగాదాలు.

ఇది రాయడం వల్ల ఆయుష్షు తగ్గదు బిడ్డా. నూరేళ్లు బతుకు. డాక్టరేటు తెచ్చుకో, ఇల్లు కొనుక్కో, పిల్లల్ని కను, ఒగ్గుకథల మీద లావుపాటి పుస్తకం వెయ్యి. ఆ నూరేళ్లలో ప్రతి ఏడూ ఆ కాగితం మారుతూనే ఉండాలి, ప్రతి ఏడూ అందులో ఇంకో వరస పెరగాలి.

ఆశీస్సులతో,
మీ మామయ్య
తార్నాక